ఊదని ఈల

పండుగలన్నిటికీ పంచాంగంలో చోటుంది గాని, బడిపిల్లల ఆటల పండుగకు మాత్రం లేదు. వానలు వెనకబట్టి, నేల కాస్త గట్టిపడి, పరీక్షల దిగులు ఇంకా పిల్లల మొహాల మీదికి రాకముందు, ఎప్పుడో ఒకనాడు మా మేడ్చల్, షామీర్‌పేట ప్రాంతాల బడులన్నిటికీ ఒక్కసారిగా ఆటలు పూనుతాయి. ఇటు నాగపూరు రోడ్డు వెంట, అటు కరీంనగరు రోడ్డు వెంట ఎక్కడ చూసినా సున్నపు గీతలు, కాగితపు తోరణాలు, గొంతు బొంగురుపోయిన మైకులు. ఒకప్పుడు ఈ నేల ద్రాక్షతోటలకు పేరు. ఇవాళ తోటలు పోయి కాలనీలు వచ్చాయి, కాలేజీలు వచ్చాయి, మందుల కంపెనీలు వచ్చాయి. 2016లో కొత్త జిల్లా వచ్చింది. షామీర్‌పేట వైపు కలెక్టరు కచేరీ వెలిసింది. బడులైతే లెక్కకు మించి వచ్చాయి. రానివల్లా ఆటస్థలాలే. ఉన్న నాలుగు మైదానాలలోనే అన్ని బడుల పిల్లలూ సర్దుకోవాలి.

ఇటువంటి పోటీలకు మీరెప్పుడైనా వెళ్ళి, ఒక పక్కగా నిలబడి, ఈ మైదానంలో అందరికంటె పెద్ద ఎవరా అని వెతికారా? షామియానా కింద సోఫాలో, మెడలో పూలదండతో కూర్చున్న ముఖ్య అతిథి పెద్దలాగా కనిపిస్తారు. ఆయన పక్కన చేతులు కట్టుకు నిలబడ్డ హెడ్మాస్టరుగారు ఆ బడి వరకూ పెద్దే. మైకు పట్టుకున్న తెలుగు పంతులుగారు తానే పెద్దనని గట్టిగా నమ్ముతూ ఉంటారు. ఆయన మా శాఖవారే గనక ఆ సంగతి నాకు బాగా తెలుసు. మైకున్న చోట తెలుగు పంతులు లేకుండా ఉండడు. కాని ఆటల నియమాల ప్రకారం చూస్తే వీళ్ళెవరూ పెద్దలు కారు. అదుగో, అటు ఎండలో, చెమటకు తడిసిన తెల్ల చొక్కాతో, మెడలో ఈల వేలాడేసుకుని, టేపు పట్టుకుని గీతలు కొలుస్తున్నాడే, ఆ బక్కపలచటి మనిషి పెద్ద. ఆయన ఈల ఊదితేనే ఆట. ఊదకపోతే, ముఖ్య అతిథి ఎన్ని పావురాలు ఎగరేసినా అది ఆట కాదు.

ఇది పొగడ్త కాదు. నియమావళి తెరిస్తే కనబడే మాటే. వాలీబాల్ సంగతి చూడండి. కోర్టు 18 మీటర్ల పొడుగు, 9 మీటర్ల వెడల్పు ఉండాలని చెప్పి, దాని చుట్టూ కనీసం 3 మీటర్ల ఖాళీ స్థలం వదలాలని కూడా చెప్పారు. నేల వల్ల ఆటగాళ్ళకు ఏ అపాయమూ ఉండరాదు. గరుకు నేల మీద, జారే నేల మీద ఆడటం నిషేధం. వల కట్టే స్తంభాలు గుండ్రంగా, నున్నగా ఉండాలి; వాటిని తీగలతో లాగి కట్టరాదు. ఆట మొదలుకాక ముందే ఆవరణ ఎలా ఉందో పరీక్షించడం మొదటి రిఫరీ పని. నియమాలలో లేని చిక్కు ఎదురైనా నిర్ణయం చెప్పే అధికారం ఆయనదే.

ఫుట్‌బాల్‌లో గోలు స్తంభాలు నేలకు గట్టిగా బిగించి ఉండాలి. పైనున్న అడ్డకర్ర విరిగితే, బాగుచేసేదాకా ఆట ఆగాలి. బాగుకాకపోతే ఆ ఆట అక్కడితో సరి. అడ్డకర్రకు బదులు తాడు కట్టరాదని ప్రత్యేకంగా రాశారు. ఎవరో మన పల్లెటూరి మైదానం చూసి వెళ్ళి ఆ వాక్యం చేర్చారేమోనని నాకు అనుమానం. మన కబడ్డీ ఉంది. ఆటగాళ్ళు గోళ్ళు కత్తిరించుకోవాలి, ఒంటికి నూనె రాసుకోరాదు, నగలు పెట్టుకోరాదు. క్రికెట్‌లో నేలగాని, వెలుతురుగాని, వాతావరణంగాని ప్రమాదకరమా కాదా అని తేల్చే అధికారం అంపైర్లిద్దరిది మాత్రమే.

ఇవి కాగితాల మీది మాటలేనా అంటే కాదు. 1998 జనవరి 29న జమైకాలోని కింగ్‌స్టన్‌లో వెస్టిండీసుకూ ఇంగ్లండుకూ టెస్టు మొదలయింది. పిచ్ మీద పడిన బంతి ఎటు లేస్తుందో బంతి వేసినవాడికే తెలియదు. బ్యాట్ పట్టినవాళ్ళకు దెబ్బ మీద దెబ్బ. పది ఓవర్లు దాటి ఒక్క బంతి పడింది. అంతే, ఆట రద్దు చేశారు. చూడటానికి ఇంగ్లండు నుంచి సముద్రాలు దాటి వచ్చినవాళ్ళున్నారు. అయిదు రోజుల ఆటకు టిక్కెట్లు అమ్ముడై ఉన్నాయి. అయినా ఆపేశారు. ఆనాటి అంపైర్లలో ఒకరు మన పొరుగు మద్రాసు వెంకటరాఘవన్. అంత పెద్ద ఆటను ఆపగలిగిన అధికారం, మండల స్థాయి బడి ఆటలో ఒక్క గంట ఆలస్యం చేయడానికి ఎందుకు చాలడం లేదన్నదే నా ప్రశ్న.

భాష చెప్పుకు బతికేవాణ్ణి గనక మాట దగ్గర ఒక్క క్షణం ఆగుతాను. రిఫరీ అంటే, తగాదా వచ్చినప్పుడు ఎవరికి నివేదించుకుంటామో ఆ మనిషి అని అర్థం. వెనకటికి ఫుట్‌బాల్‌లో ఒక్కొక్క జట్టుకు ఒక్కొక్క అంపైరు ఉండేవాడు. వాళ్ళిద్దరికీ మాట కలవకపోతే బయట నిలబడ్డ మూడో మనిషిని అడిగేవారు. ఆ మూడో మనిషే రిఫరీ. 1891లో గాని ఆయన మైదానంలోకి దిగలేదు. అంపైరు అన్న మాటకైతే మూలార్థం జత లేనివాడు. మన లెక్కలో బేసి మనిషి. మనం తీర్పరి అంటాం, మధ్యవర్తి అంటాం. ఏ మాట తీసుకున్నా లోపల ఉన్న భావం ఒకటే: ముందు తగవు పుట్టాలి, తరవాతనే ఆయన పని. అందుకే బంతి గీతకు లోపల పడిందా, బయట పడిందా అని ఆయన చెబితే వింటాం. ‘ఈ స్తంభం కదులుతోంది, ఆట పెట్టను’ అంటే మాత్రం, ‘ఈయనకెందుకు?’ అంటాం. తగవే లేనిచోట తీర్పేమిటని మన లోపల ఎక్కడో ఉంది. నియమాలు మాత్రం ఏనాడో ముందుకు నడిచి, ఆయన పనిని మొదటి ఈలకంటె ముందే మొదలుపెట్టాయి. మన మర్యాదలే ఇంకా వెనక నిలబడిపోయాయి.

నిరుడు చలికాలంలో మా వైపు ఒక బడి ఆవరణలో మండల స్థాయి వాలీబాల్ పోటీలు జరిగాయి. ఏ బడి అన్నది అనవసరం. ఇంచుమించు అన్ని బడులూ అలాగే ఉంటాయి. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. వాళ్ళ జట్టు ఫైనలుకు వచ్చింది. ఆడపిల్లల ఫైనలు కాబట్టి, ముఖ్య అతిథి కూడా వస్తున్నారు కాబట్టి, ఆ ఆటను బడి ముందున్న కొత్త కోర్టుకు మార్చారు. అప్పటిదాకా రిఫరీ ఆ కోర్టును చూడలేదు. ఆయన పొరుగూరి బడిలో పీడీ సారు. వచ్చీ రాగానే స్తంభాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపి చూశాడు. తరవాత చుట్టూ ఒకసారి నడిచాడు.

స్తంభాలు నేలలో జానెడు మాత్రమే దిగి ఉన్నాయి. వాటిని నిలబెట్టింది తీగలు. ఒక్కొక్క స్తంభానికి రెండేసి ఇనపతీగలు, ఏనాటివో ద్రాక్షపందిరికి వాడినవి, ఏటవాలుగా లాగి నేలలో మేకులకు బిగించారు. వల పక్కనుంచి బంతి కోసం పరుగెత్తే పిల్లకు ఆ తీగ సరిగ్గా మెడ ఎత్తున తగులుతుంది. తప్పించుకుంటే కాలికి మేకు ఉంది. అటు పక్కన అతిథుల సోఫాలు గీతకు మూడడుగుల దూరంలో వేశారు, ఆట దగ్గరగా కనబడాలని.

“సార్, ఈ తీగలు తీసెయ్యాలె. గుంతలు తవ్వి స్తంభాలు పాతాలె. సోఫాలు గూడ వెనక్కి జరపాలె,” అన్నాడు రిఫరీ.

“ఏం గాదు సార్,” అన్నారు నిర్వాహకులలో ఒకాయన నవ్వుతూ. “పదేండ్ల సంది గిట్లనే ఆడుతున్నరు.”

“ఆడిండ్రు సార్. నేను గూడ గిట్లనే ఆడిన. ఇయ్యాల నేను రిఫరీని.”

“అతిథిగారికి ఇంకో మీటింగున్నది సార్. జెర అర్థం చేసుకోండ్రి. మనం మనం ఒక్కటే గద. రేపు మీ బడిల మీటు పెడితే మేం రామా?”

ఆ చివరి మాటలో బెదిరింపు లేదు. ఉన్నదల్లా స్నేహమే. కాని అంత స్నేహంగా అడిగినప్పుడు కాదనడానికి, బెదిరింపుకు ఎదురు నిలబడటానికి కంటె ఎక్కువ గుండె కావాలి. రిఫరీ వాదించలేదు. మెడలోంచి ఈల తీసి చొక్కా జేబులో వేసుకుని, స్తంభం పక్కనే నిలబడ్డాడు. ఇక ఎవరేం చేస్తారు? ఈల ఆయన జేబులో ఉంది.

పై తరగతుల మగపిల్లలు గడ్డపారలు తెచ్చారు. మూడడుగుల గుంతలు తీసి, స్తంభాలు దించి, చుట్టూ రాళ్ళు వేసి, మట్టి నింపి కుమ్మారు. ఈలోగా తల్లిదండ్రుల్లో గొణుగుడు, మైకులో సినిమా పాటలు. ముఖ్య అతిథి రానే వచ్చారు. సోఫాల సంగతి ఆయనకు ఎలా చెప్పాలా అని నిర్వాహకులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, ఆయనే విని, “దానికేమున్నది!” అంటూ లేచి, పక్కనున్న కుర్చీ ఒకటి తానే ఎత్తి వెనక్కి వేసుకుని కూర్చున్నారు. ఎవరి మర్యాదకు భంగమని ఇంతమంది హడలిపోయారో, ఆ మనిషికి ఆ చింతే లేదు! మన దగ్గర పెద్దల పేరు చెప్పి జరిగే పనుల్లో సగం ఆ పెద్దలకు తెలియకుండానే జరుగుతాయి కాబోలు.

గంటన్నర గడిచింది. చలికాలపు పొద్దు ఎవరి కోసమూ ఆగదు. వెలుతురు చాలదని, మూడు సెట్ల ఫైనలును ఒక్క సెట్టుకు కుదించారు. మా అమ్మాయి జట్టు 23–25తో ఓడిపోయింది.

రెండు రోజులు ఇంట్లో దానికి నోట మాట లేదు. మూడోనాడు అన్నం ముందు కూర్చుని, “ఆ సారు వల్లే ఓడిపోయినం నాన్నా. మేం ఎప్పుడూ రెండో సెట్టులోనే అందుకుంటాం,” అంది. నేను తీగ గురించి, మెడ గురించి చెప్పబోయాను. “ఆ తీగ ఇన్నేళ్ళలో ఎవరికన్నా తగిలిందా? ఎవరికీ తగల్లేదట. మరి ఆ రోజు మాత్రం తగిలేదని ఎట్ల చెప్తవు?” అంది.

లాయరులాగా అడిగింది. సాక్ష్యం చూపమంటే నా దగ్గర సాక్ష్యం లేదు. ఆ సాయంత్రం ఏ పిల్ల మెడా తెగలేదు, ఏ కాలూ విరగలేదు. అంచేత రిఫరీ చేసిన పనికి మిగిలిన గుర్తులు మూడే: ఒక ఆలస్యం, ఒక కుదించిన ఆట, ఒక ఓటమి. అతని వల్ల కలిగిన నష్టం స్కోరు పుస్తకంలో అంకెలతో సహా రాసి ఉంది. అతని వల్ల కలిగిన మేలు ఎక్కడా రాసి లేదు, ఎప్పటికీ రాయరు. జరగని ప్రమాదానికి సాక్షులుండరు. అందుకే అతనికి దండ వెయ్యరు, గొణుగుతారు. డాక్టరు జబ్బు నయం చేస్తే దణ్ణం పెడతాం. జబ్బు రాకుండా మురుగుకాలవ మూయించినవాడి పేరైనా మనకు తెలియదు. రిఫరీది ఈ రెండో రకం పని.

సాక్ష్యం కావాలంటే, ఎవరూ ఆపని చోట్లకు పోవాలి. దూరం పోనక్కర్లేదు. 2021 మార్చి 22న మన సూర్యాపేటలో 47వ జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు ప్రారంభమవుతున్న వేళ ప్రేక్షకుల గ్యాలరీ కూలిపోయింది. వందమందికి పైగా గాయపడ్డారు. అది కబడ్డీ రిఫరీ తప్పు కాదు. గీతల లోపలి నేల ఆయనది. గ్యాలరీ కట్టించినది నిర్వాహకులు. కాని జనం ఎక్కకముందు ఆ గ్యాలరీని పట్టుకుని ఊపి చూసి, ‘ఇది బాగయ్యేదాకా ఆట లేదు’ అనగల మనిషి ఒకడు ఉండి, ఆ మాట చెల్లి ఉంటే ఏమయ్యేది? జనం ఆయన్ని తిట్టుకుంటూ ఎండలో నిలబడేవారు. ఇంటికి క్షేమంగా పోయి మళ్ళీ తిట్టేవారు.

2019 అక్టోబరు 4న కేరళలోని పాలా పట్టణంలో రాష్ట్ర జూనియర్ అథ్లెటిక్ పోటీలు జరుగుతున్నాయి. ఒకే మైదానంలో, ఒకే సమయంలో, ఒక పక్క జావెలిన్ విసురు, దాని పక్కనే హేమర్ విసురు. పడిన జావెలిన్లను ఏరి తేవడానికి బడిపిల్లలను వాలంటీర్లుగా పెట్టారు. పదహారేళ్ళ కుర్రవాడు ఒకడు అలా మైదానంలోకి వెళ్ళినప్పుడు హేమరు వచ్చి తలకు తగిలింది. పదిహేడు రోజులు ఆసుపత్రిలో ఉండి ప్రాణం విడిచాడు. పోటీలు నడిపిన అధికారుల మీద పోలీసులు కేసు పెట్టారు. రెండు విసుర్లలో ఒకటి అయిపోయిన తరవాత రెండోది పెడితే ఏం పోయేది? కొంత సమయం. ఆ కొంత సమయం కోసం ‘కాదు’ అనవలసిన మనిషి అనలేదు. లేదా అన్నా వినే మనిషి లేడు.

ఇంకొక సంగతి. 2025 నవంబరులో హర్యానాలోని రోహతక్ జిల్లాలో ఒక కుర్రవాడు బాస్కెట్‌బాల్ సాధన చేసుకుంటూ ఎగిరి రింగు పట్టుకున్నాడు. స్తంభం విరిగి గుండెల మీద పడింది. ప్రాణం పోయింది. అది పోటీ కాదు, సాధన. అక్కడ రిఫరీయే లేడు. అదే నేను గమనించమనేది. పోటీ అనేది సంవత్సరానికి ఒకసారి వస్తుంది. ఆ ఒక్కరోజు బయటి మనిషి వచ్చి, కొత్త కళ్ళతో మన స్తంభాన్ని ఊపి చూస్తాడు. మిగిలిన రోజులన్నీ మన పిల్లలు ఆ స్తంభం కిందనే ఆడుకుంటారు. ఆనాడు మా మండలంలో గుంతలు తీసి పాతిన స్తంభాలు ఫైనలు ఆడిన పన్నెండుమందికే కాదు, ఆ బడిలో రోజూ సాయంత్రం ఆడే పిల్లలందరికీ నిలబడ్డాయి.

చట్టం కూడా ఈ దారిలో కొంత దూరం నడిచింది. ఇంగ్లండులో 1991 అక్టోబరులో పంతొమ్మిదేళ్ళలోపు కుర్రవాళ్ళ రగ్బీ ఆట జరిగింది. ఆ ఆటలో ఇరుజట్లవాళ్ళు గుంపుగా తలలు వంచి, భుజాలు ఆనించి ఒకరినొకరు నెట్టుకునే ఘట్టం ఒకటి ఉంది, స్క్రమ్ అంటారు. అది కూలితే కిందనున్నవాడి మెడకు ముప్పు. ఆ రోజు అది ఇరవైసార్లకు పైగా కూలింది. చివరకు పదిహేడేళ్ళ కుర్రవాడి మెడ విరిగి, శరీరం చచ్చుబడిపోయింది. ఢీకొనే వేగం తగ్గించేందుకు కుర్రవాళ్ళ ఆటకు పెట్టిన నియమాన్ని రిఫరీ అమలు జరపలేదని, ఆటగాళ్ళ క్షేమం పట్ల ఆయనకు బాధ్యత ఉందని కోర్టు తీర్పు చెప్పింది. 1996లో అప్పీలు కోర్టు దాన్ని ఖాయం చేసింది.

ఆ తీర్పు న్యాయమైనదే. అయితే ఆ న్యాయాన్ని మన మైదానాల్లోకి తెచ్చేముందు ఒక సంగతి చూసుకోవాలి. బాధ్యత రిఫరీ మెడకు కట్టి, అధికారం షామియానా కింద అట్టిపెట్టుకుంటే ఎలా? మన మండల పోటీలకు రిఫరీలెవరు? ఎక్కణ్ణుంచో రారు. ఆ చుట్టుపక్కల బడుల వ్యాయామోపాధ్యాయులే, మా చిన్నప్పుడు డ్రిల్లు మాస్టార్లు అనేవాళ్ళం, వాళ్ళే. ఇవాళ నీ బడిలో నేను ఈల ఊదుతాను, రేపు నా బడిలో నువ్వు ఊదుతావు. పోటీ నడిపేవాళ్ళూ, తీర్పు చెప్పేవాళ్ళూ ఒకే కుదురువాళ్ళు. సంవత్సరమంతా కలిసి టీ తాగేవాళ్ళు. ప్రైవేటు బడిలో పనిచేసేవాడైతే జీతం తక్కువ, ఉద్యోగం గాలిలో దీపం. అతిథి ఎదురుచూస్తుంటే ‘ఆట పెట్టను’ అనే మాట అతని నోట రావాలంటే, ఆ మాటకు ముందే మనం చోటు చేసి ఉంచాలి.

అలాగని ప్రతిదానికీ జడిసి ఆటలు మాన్పించమంటున్నానా? లేదు. బంతి కోసం దూకిన పిల్ల మోకాలు చెక్కుకుపోతుంది. కబడ్డీలో పట్టుకున్నవాడి మోచెయ్యి ముక్కుకు తగులుతుంది. అవి ఆటలో ఉన్న దెబ్బలు. వాటిని తట్టుకోవడం నేర్పేందుకే పిల్లలను మైదానానికి పంపుతాం. ఆటలో దెబ్బ తగలడం వేరు, ఆటస్థలమే దెబ్బ కొట్టడం వేరు. తీగ, మేకు, ఊగే స్తంభం, గీత పక్కన సోఫా, ఇవి ఏ ఆటలోనూ భాగం కావు. వాటితో పోరాడి గెలిచిన పిల్లకు ఏ సర్టిఫికెట్టూ ఇవ్వరు.

చెయ్యవలసినవి పెద్ద పనులు కావు. ముందురోజు సాయంత్రమే మైదానాన్ని రిఫరీకి అప్పగించాలి. గుంతలు తవ్వడానికి అప్పుడైతే పొద్దుంటుంది, ఏ ఫైనలూ ఒక్క సెట్టుకు కుదించుకుపోదు. ఏం సరిచెయ్యాలో ఆయన కాగితం మీద రాసి ఇస్తే, హెడ్మాస్టరు దానిమీద సంతకం చెయ్యాలి. వీలైతే మేడ్చల్ మీటుకు షామీర్‌పేట రిఫరీని, షామీర్‌పేట మీటుకు మేడ్చల్ రిఫరీని పిలవాలి. టీ స్నేహాలు కాస్త దూరమవుతాయి. కార్యక్రమ పత్రంలో ప్రతి పూటా అరగంట ఖాళీ ఉంచాలి. అన్నిటికంటె ముఖ్యంగా, ముఖ్య అతిథిని వేదిక మీదికి పిలిచే ముందు మైకులో ఒక మాట చెప్పాలి: ‘ఈ రోజు ఆట పెట్టాలా వద్దా అన్నది రిఫరీగారి మాట. అది అందరికీ శిరోధార్యం.’ ఆ ఒక్క వాక్యం చెప్పడానికి మా తెలుగు పంతుళ్ళకు అభ్యంతరం ఉండదని నేను హామీ ఇస్తాను.

ఆటలు నేర్పే పాఠశాల హకీంపేటలో ఉంది, న్యాయం నేర్పే నల్సార్ విశ్వవిద్యాలయం షామీర్‌పేటలో ఉంది. రెండూ ఇంచుమించు ఒకే రోడ్డు పట్టున ఉన్న ప్రాంతం మాది. ఆటకూ న్యాయానికీ మధ్య దూరం అంత తక్కువగా ఉన్నచోట కూడా ‘ఏం గాదు’ అన్న రెండు మాటలు నియమావళి మొత్తం మీద గెలుస్తున్నాయంటే, లోపం చదువులో లేదు. మన అలవాటులో ఉంది. ‘ఏం గాదు’ మంచి మాటే. పరీక్ష తప్పిన పిల్లవాడి భుజం మీద చెయ్యివేసి చెప్పవలసిన మాట. వదులుగా ఉన్న స్తంభానికి చెప్పవలసింది కాదు, అది వినదు.

ఇందులో తల్లిదండ్రులం చెయ్యగలిగింది కూడా ఉంది. ఈసారి మీ పిల్లల ఆట చూడటానికి వెళ్ళినప్పుడు ఆట మొదలుకావడం ఆలస్యమైతే, గడియారం చూసుకుని కేకలు వెయ్యకండి. ఆ తెల్లచొక్కా ఆయన ఎక్కడున్నాడో చూడండి. స్తంభాన్ని పట్టుకుని ఊపి చూస్తున్నాడనుకోండి, మీరూ లేచి వెళ్ళి రెండో స్తంభం ఊపి చూడండి.